వంటయింటి పొదుపు, తేమ లెక్క

పొదుపు అనగానే మనలో పెక్కుమందికి అంగడి జ్ఞాపకము వచ్చును. ఏ కొట్టులో పప్పు కిలోకు రెండు రూపాయలు తక్కువ, ఏ సంతలో వంకాయలు చవుక అని విచారించుటయే పొదుపని తలచుదుము. ఆ విచారము మంచిదే. కాని కొని తెచ్చినదానిలో ఎంత నోటికి చేరుచున్నది, ఎంత తూమున పడి పోవుచున్నది, ఎంత డబ్బాలో మెత్తబడి బూజు పట్టుచున్నది అను లెక్క అంతకంటె ముఖ్యమైనది. అంగడిలో మిగిలిన రెండు రూపాయలు కంటికి కనబడును. తూమున పోయిన బలము కనబడదు. మేము ఇప్పుడు చెప్పదలచినది ఈ కనబడని ఖర్చును గురించియే.

బందరు, గుడివాడ, దివిసీమలు నీటిసీమలు. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తియైన నాటినుండి, ఆ తరువాత 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన నాటినుండి, కృష్ణనీరు కాలువల వెంట మన పొలములకును, ఊరి చెరువులకును వచ్చుచున్నది. పులిగడ్డ వద్ద నది రెండుగా చీలి దివిసీమను చుట్టుకొని సముద్రమున కలియుచున్నది. ఒకవైపు కాలువ, ఒకవైపు ఉప్పుటేరు, తూర్పున సముద్రపు గాలి. ఇట్టి చోట ఉప్పు జాడీలోనే నీరగును, అప్పడము గంటలో మెత్తబడును, పప్పుకు పురుగు పట్టును. కనుక ఈ ప్రాంతపు వంటయింటి పొదుపంతయు తేమ లెక్కయే. ఏ నీటిని పారబోయక నిలుపుకొనవలెను? ఏ నీటిని ఎండకు ఆర్చి పంపివేయవలెను? ఏ తేమను లోపలికి రానీయరాదు? ఈ మూడును ఎరిగిన ఇంట తీరిక తక్కువైనను తిండికి లోటు రాదు.

గంజితో పోవునది

మొదట అన్నము. బియ్యమును నాలుగైదు సార్లు పిసికి కడిగి, ఎసటిలో పోసి, ఉడికిన పిమ్మట గంజి వార్చుట మన ఇండ్లలో చిరకాలపు అలవాటు. అన్నము తెల్లగా, పొడిపొడిగా వచ్చును. కాని ఆ తెలుపునకు మన తీరజిల్లాలు ఒకప్పుడు పెద్ద వెల చెల్లించినవి.

ఇరవయ్యవ శతాబ్దపు పూర్వార్ధములో, ఉత్తర సర్కారులని పిలువబడిన ఈ కోస్తాలో బెరిబెరి యను వ్యాధి ఉండెడిది. కాళ్లు తిమ్మిరులెక్కుట, నడక తడబడుట, కొందరికి ఒడలు నీరు పట్టి గుండె బలహీనపడుట దాని లక్షణములు. 1935 నుండి 1945 వరకు కూనూరులోని పోషకాహార పరిశోధనాలయమునకు అధిపతిగా నుండిన డాక్టరు ఎయిక్రాయిడ్, ఆయన సహచరులు ఈ విషయమును పరిశీలించిరి. మర పట్టిన పచ్చి బియ్యము తినువారిలో ఈ వ్యాధి కనబడుచుండగా, ఉప్పుడు బియ్యము తినువారిలో అరుదుగా నుండెను. ఆ పరిశోధనాలయమే తరువాత హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది.

కారణము కఠినమైనది కాదు. బి-1 విటమిను బియ్యపు గింజకు పైనున్న తవుడులోను, మొలకెత్తు ముక్కులోను ఉండును. మరలో చాలభాగము తవుడుతో పోవును. అది నీటిలో కరుగు పదార్థము గనుక, మిగిలినదానిలో కొంత కడుగుతోను, కొంత గంజితోను పోవును. వడ్లను నానబెట్టి ఉడికించి దంచిన ఉప్పుడు బియ్యములో ఆ విటమిను గింజలోనికి ఇంకి నిలుచును. నేడు మన భోజనములో పప్పు, కూర, పాలు ఎక్కువైనవి గనుక ఆ వ్యాధి అరుదైనది. అయినను తూము మాత్రము మారలేదు. డబ్బిచ్చి కొన్న బలమును నేటికిని మనము తూమున పోయుచునే ఉన్నాము.

దీనికి తరుణోపాయము మన పూర్వులకు తెలిసిన అత్తెసరే. బియ్యమును రెండుసార్లు తేలికగా కడుగవలెను. పాత బియ్యమైనచో గ్లాసు బియ్యమునకు రెండు లేక రెండుంబాతిక గ్లాసుల నీరు, సంక్రాంతికి వచ్చు కొత్త బియ్యమైనచో ఒకటిన్నర లేక ఒకటిముప్పాతిక గ్లాసుల నీరు కొలిచి పోయవలెను. అర్ధగంట నానిన పిమ్మట, ఆ నీటితోనే పొయ్యిమీద పెట్టి, పొంగు రాగానే మంట తగ్గించి మూత వేయవలెను. నీరు ఇగిరిన తరువాత దించి పది నిమిషములు మూత తీయకుండ ఉంచినచో అన్నము మెదుగును. వార్చు పని తప్పును, వంటచెరకు లేక గ్యాసు మిగులును, చేయి కాలు భయము లేదు.

వార్చిన అన్నమే రుచియని పట్టుబట్టు పెద్దలున్న ఇంట ఆ గంజిని పారబోయకుడు. వేడిగంజిలో ఉప్పు, కొంచెము మజ్జిగ, నలిపిన కరివేపాకు వేసి ఎండవేళ ఇచ్చినచో పిల్లలు ఇష్టముగా త్రాగుదురు. పప్పుచారు చిక్కబడుటకు పిండి కలుపుటకు బదులు గరిటెడు గంజి పోయవచ్చును. మొదటి కడుగు పశువుల కుడితికిగాని, పెరటి మొక్కలకుగాని పోవలెను. రెండవ కడుగులో చింతపండు నానవేసినచో ఆ పులుసు కమ్మగా నుండును.

రాత్రి అన్నము

మిగిలిన అన్నము రెండవ లెక్క. మన గాలిలో రాత్రి మిగిలిన అన్నమును గిన్నెలో అట్లే వదలివేసినచో తెల్లవారుసరికి పాసిపోవును. హాని చేయు సూక్ష్మజీవులు గోరువెచ్చని, తడి అన్నములో వేగముగా పెరుగును. కొన్ని సూక్ష్మజీవులు వదలిన విషము తిరిగి వేడిచేసినను పోదు. కనుక భోజనమైన వెంటనే అన్నమును చల్లార్చి, కాచి చల్లార్చిన నీరు మునుగునట్లు పోసి, రెండు చెంచాల పుల్లమజ్జిగ కలిపి మూతవేయవలెను. మజ్జిగలోని మంచి సూక్ష్మజీవులు అన్నమును పులియబెట్టును. ఆ పులుపే చెడ్డవాటికి అడ్డు. ఉదయమున ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఆవకాయ బద్ద తోడుగా తినినచో అంతకంటె చల్లని ఫలహారము లేదు. పొయ్యి వెలిగింపకుండనే బడికి పోవు పిల్లలకు, బందరు బండికో గుడివాడ బస్సుకో పరుగెత్తు పెద్దలకు ఉదయపు తిండి సిద్ధమగును. అన్నము జిగురు సాగినను, దుర్వాసన వచ్చినను దానిని పారవేయుటయే పొదుపు. వైద్యుని ఖర్చు అన్నపు ఖర్చుకంటె పెద్దది.

పూర్వము కొన్ని ఇండ్లలో తరవాణి కుండ యుండెడిది. కడుగును, గంజిని దినదినము పోసి పులియబెట్టి, ఆ పుల్లని నీటిలో అన్నము వేసి తినెడివారు. ఆ కుండను శుభ్రముగా నడుపుటకు తీరిక, శ్రద్ధ రెండును కావలెను. తీరిక లేని ఇంటికి ఒక రాత్రి చద్దన్నమే మేలు.

మాగాణి మినుము, పెసర

వరికోతకు రెండు మూడు దినముల ముందు, పైరు నిలిచియుండగానే, మన రైతులు తడిచేలో మినుములో పెసలో చల్లుదురు. కోత అయిన తరువాత నేలలో మిగిలిన పదునుతోనే ఆ పైరు పెరిగి పండును. వేరుగా దున్నకము లేదు, తడి లేదు. వరి వదలిన తేమను వృథాపోనీయక పప్పుగా మార్చుట ఈ డెల్టా రైతు పొదుపు. ఇంటిలో మనము చేయవలసినదియు అట్టిదే.

బియ్యములోని మాంసకృత్తులకు లైసిన్ అను అంశము కొరత. పప్పులలో అది సమృద్ధిగా నుండును. పప్పులలో కొరతగా నుండు మెథియొనిన్ బియ్యములో ఉండును. ఒకదాని లోటు మరియొకటి తీర్చును గనుక అన్నము, పప్పు కలిసిన విస్తరి చవుకైన విస్తరియే కాదు, నిండైన విస్తరి.

తీరిక లేని ఉదయమునకు పెసరట్టు చక్కని ఉపాయము. అయిదుగురికి రెండు గ్లాసుల పెసలు, పావు గ్లాసు బియ్యము రాత్రి నానవేయవలెను. ఉదయమున అల్లపు ముక్క, నాలుగు పచ్చిమిరపకాయలు, చెంచాడు జీలకర్ర, ఉప్పు చేర్చి రుబ్బవలెను. ఇడ్లీ పిండివలె పులియు వరకు కాచుకొని యుండనక్కరలేదు, పొట్టు తీయనక్కరలేదు. పొట్టులోని పీచు కడుపుకు మేలు. పిండి మిగిలినచో సాయంకాలమువరకు బయట ఉంచరాదు. అప్పుడే ఉల్లిపాయ తరిగి కలిపి పునుగులు వేసికొనవలెను.

ఇక మినుములతో సున్నుండలు. నాలుగు గ్లాసుల మినుములు, పావు గ్లాసు బియ్యము సన్నని సెగను కమ్మని వాసన వచ్చువరకు వేయించవలెను. తొందరపడి పెద్దమంట పెట్టినచో పైన మాడి లోపల పచ్చిగా నుండును. పచ్చిగా నున్నదానిలో తడి మిగులును, తడి మిగిలినది నిలువ యుండదు. చల్లారిన పిమ్మట విసరి, మూడు గ్లాసుల బెల్లపు కోరు కలిపి, తగినంత నెయ్యి కాచి పోసి ఉండలు చుట్టవలెను. నీటిచుక్క తగులనిచో ఇవి పక్షము దినములకు పైగా చెడవు. ఎదుగు పిల్లలకు దినమునకు ఒకటి ఇచ్చినచో బజారు తినుబండారముల అవసరమే రాదు.

పప్పు ఉడుకుటలో ఒక రహస్యము కలదు. సముద్రమునకు చేరువ గ్రామములలో బావినీరు ఉప్పన. అట్టి నీటిలో సున్నపు అంశము ఎక్కువగా నుండినచో పప్పు ఎంత ఉడికించినను పలుకుగానే యుండును. కాచిన కాలువనీటినిగాని, పట్టి దాచిన వాననీటినిగాని పప్పుకు వాడవలెను. అర్ధగంట ముందుగా నానవేయవలెను. చింతపండు, మామిడికాయ, టమాట వంటి పులుపును పప్పు మెత్తబడిన తరువాతనే వేయవలెను. పులుపు ముందుగా పడినచో పప్పు బిగిసికొని, పొయ్యి అదనముగా మండవలసివచ్చును.

వరిగడ్డికి కొదవలేని మన ఊళ్లలో గడ్డిపెట్టె మరియొక ఉపాయము. మూతగల చెక్కపెట్టెలోగాని, పెద్ద బుట్టలోగాని పొడి వరిగడ్డిని చుట్టును, అడుగునను దట్టముగా కూరి, నడుమ గిన్నెపట్టు గుంట వదలవలెను. పప్పును పది నిమిషములు తెర్లకాచి, మూత తీయకుండ ఆ గుంటలో దించి, పైన గడ్డి నింపిన దిండు మూసినచో లోపలి వేడి బయటికి పోదు. గంటన్నరలో పప్పు దానంతట అదియే మెత్తబడును. తినుటకు ముందు మరల ఒక పొంగు రానిచ్చినచో భయము లేదు. యుద్ధకాలమున యూరపు దేశములలో ఇంధనపు కరవు వచ్చినప్పుడు ఇట్టి గడ్డిపెట్టెలే వేలకొలది ఇండ్లకు ఆదుకొన్నవి.

ఎండను దాచుకొనుట

ఇంతవరకు నీటిని నిలుపుకొను లెక్క చెప్పితిమి. ఇక నీటిని పంపివేయు లెక్క. సూక్ష్మజీవులు బ్రదుకుటకు నీరు కావలెను. పదార్థములోని నీటిని ఎండ తీసినను, ఉప్పు బంధించినను వాటికి చోటుండదు. వడియములు, ఒరుగులు, ఊరుమిరపకాయలు, ఎండుచేపలు అన్నియు ఈ ఒక్క సూత్రముమీద నిలిచినవి. మాఘమాసము మొదలు వైశాఖము వరకు మనకు ఖర్చులేని పొయ్యి సూర్యుడు.

బూడిదగుమ్మడి వడియములకు కాయను చిన్నముక్కలుగా తరిగి, ఉప్పు పసుపు కలిపి, పలుచని గుడ్డలో మూటగట్టి రాత్రియంతయు బరువుక్రింద ఉంచవలెను. దిగిన నీటిని పారబోయక, నానిన మినపపప్పు రుబ్బుటకు వాడుకొనవచ్చును. ఉప్పు అందులోనే యున్నది గనుక వేరుగా వేయునపుడు చూచి వేయవలెను. పిండి గట్టిగా నుండవలెను. ముక్కలు, పచ్చిమిరప ముద్ద కలిపి గుడ్డమీద పెట్టి, మూడు నాలుగు ఎండలలో రెండువైపులను ఎండనీయవలెను. విరిచినచో టక్కున విరిగినప్పుడే డబ్బాకు ఎక్కవలెను.

చల్లమిరపకాయలకు కిలో కాయలను నిలువున గాటుపెట్టి, ఉప్పు కలిపిన లీటరు పుల్లమజ్జిగలో రాత్రి నానవేసి, పగలు ఎండబెట్టి, మరల రాత్రి అదే మజ్జిగలో వేయవలెను. మూడు నాలుగు దినములలో మజ్జిగంతయు కాయలోనికి పోవును. గింజలు గలగలలాడువరకు ఎండినచో సంవత్సరము నిలుచును. కూర లేని దినమున నాలుగు మిరపకాయలు వేయించినచో పెరుగన్నమునకు వేరొకటి అక్కరలేదు.

ఆవకాయను గురించి కృష్ణాజిల్లావారికి చెప్పుట సాహసమే. అయినను కొత్త సంసారములకొరకు కొలత చెప్పుదుము. నాలుగైదు గ్లాసుల ముక్కలకు కారము, ఆవపిండి, ఉప్పు ఒక్కొక్క గ్లాసు, నువ్వులనూనె రెండు గ్లాసులు. కాయను కడిగినది మొదలు పొడిగుడ్డతో తడి లేకుండ తుడుచుట సగము ఆవకాయ. ఉప్పు ముక్కలోని నీటిని పైకి లాగును, నూనె గాలిని అడ్డగించును. మూడవనాడు తిరుగగలిపి, నూనె పైకి తేలనిచో మరికొంత పోయవలెను. తడిగరిటె జాడీలో పెట్టినవారే ఆవకాయకు బూజు తెచ్చువారు.

మాంసాహారుల ఇండ్లలో బందరు, నాగాయలంక తీరముల రొయ్యపొట్టు, ఎండునెత్తళ్లు చవుకైన బలము. పచ్చిచేపలో నాలుగింట మూడువంతులకు పైగా నీరే. ఆ నీరు పోయినది గనుక ఎండుదానిలో పిడికెడే చాలును. కొనునపుడు పొడిగా గలగలలాడుచు, ఘాటైన కుళ్లువాసన లేనిది చూడవలెను. రొయ్యపొట్టును పొడిమూకుటిలో వేయించి, జల్లించి ఇసుక పోగొట్టి, వేడినీట రెండుసార్లు కడిగి, సొరకాయతోనో వంకాయతోనో ఇగురు పెట్టవలెను. అందులో ఉప్పు ముందే యుండును గనుక తరువాత రుచి చూచి వేయవలెను.

బందరు లడ్డు ఎందుకు నిలుచును?

మిఠాయికొట్లవారికిని ఈ తేమ లెక్క తెలియును. బందరు తొక్కుడులడ్డును బుందేల్‌ఖండ్ నుండి వచ్చిన బొందిలీలు ఇక్కడికి తెచ్చిరని చెప్పుదురు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. సెనగపిండిని నేతిలో పూసగా వేపుటతో అందులోని నీరు పోవును. దానిని దంచి జల్లించి బెల్లపు పాకములో కలిపి, మరల నేయి చిలుకరించుచు దంచుదురు. తొక్కుట అనగా ఈ దంచుటయే. నీరు లేదు, నెయ్యి ప్రతి రేణువును చుట్టుకొన్నది. కనుకనే అది దినములతరబడి నిలుచును.

ఇంటిలో కారప్పూస చేయు దినమున, ఉప్పుకారములు కలుపకముందే రెండు గ్లాసుల సెనగపిండిని చప్పగా కలిపి, అదే మూకుటిలో ముందుగా వత్తుకొనుడు. దంచి, జల్లించి, గ్లాసుముప్పాతిక బెల్లమును ఉండపాకము పట్టి కలిపి, నేతిచేతితో మరల దంచి, ఏలకులపొడి వేసి ఉండలు చుట్టినచో ఒక్క పొయ్యి వేడితో కారము, తీపి రెండును సమకూరును. వేపుడు నూనెతో చేసినది కొట్టులడ్డుకు సాటి రాకపోవచ్చును. ఇంటి పిల్లలు ఆ తేడా అడుగరు.

డబ్బాలో చేరు తేమ

ఆర్చినదానిని కాపాడుట మూడవ లెక్క. ఎండనుండి తెచ్చిన పప్పును వేడిగానే డబ్బాలో పోసి మూసినచో లోపల చెమర్చును. పూర్తిగా చల్లారిన తరువాత మూయవలెను. కిలో కందిపప్పునకు చెంచాడు ఆముదము పట్టించి ఎండబెట్టినచో పురుగు చేరదు. బియ్యములో నీడన ఎండిన వేపాకు వేయుట మంచి అలవాటు. నెలకు సరిపడునది పెద్ద డబ్బాలోను, వారమునకు సరిపడునది చిన్నసీసాలోను ఉంచి, పెద్దదానిని వారమునకు ఒక్కసారే తెరువుడు. మూత తెరచిన ప్రతిసారి సముద్రపు గాలి లోపలికి వచ్చునని మరువరాదు. ఉప్పుజాడీలో నాలుగు బియ్యపు గింజలు వేసినచో తేమను అవి పీల్చుకొనును.

ఒక హెచ్చరిక. బూజుపట్టిన వేరుసెనగలను, మిరపకాయలను కడిగి ఎండబెట్టి వాడుట పొదుపు కాదు. ఆ బూజు వదలిన విషము కాలేయమునకు కీడు, వంటవేడికి అది నశించదు. అట్టివి పశువులకును పెట్టరాదు.

తొక్కలును తూమున పోవు ధనములోనివే. బీరకాయ తొక్కును, సొరకాయ తొక్కును శుభ్రముగా కడిగి, రెండు చెంచాల మినపపప్పు, ఎండుమిరపకాయలతో నూనెలో వేయించి, చింతపండు, ఉప్పు చేర్చి నూరినచో పూటకు పచ్చడి. పులుసు తీసిన చింతపండు పిప్పితో ఇత్తడి, రాగి పాత్రలు తోమినచో అందులోని పులుపు చిలుమును కరగించి మెరుగు తెచ్చును. పలుచని గంజి నూలుచీరలకు బిగువు నిచ్చును. పెడనలో అద్దిన కలంకారీ గుడ్డలను కుంకుడురసముతో చల్లని నీట ఉతికి నీడన ఆరవేసినచో రంగు చిరకాలము నిలుచును.

తుపాను అర

ఈ లెక్కలన్నియు ఒక్కచోట కలిసి పరీక్షకు నిలుచు దినములు మన ప్రాంతమునకు వచ్చుచుండును. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు పదివేల ప్రాణములు పోయినవి. 1990 మే నెలలో మరియొక పెనుతుపాను ఈ తీరమునే తాకినది. 2009లోను, 2024లోను కృష్ణ పొంగి లంకగ్రామములను ముంచినది. నేడు ముందుగా హెచ్చరికలు వచ్చుచున్నవి, ఆశ్రయభవనములున్నవి. వెళ్లుమన్నప్పుడు వెళ్లుటయే మొదటి రక్షణ. ఆ తరువాతి ప్రశ్న తిండి. కట్టెలు తడిసి, కరెంటు పోయి, దారులు తెగిన రెండు మూడు దినములు పొయ్యి వెలగని ఇంట ఏమి తినవలెను?

కనుక ప్రతి ఇంట ఒక అరను ఇందుకై ప్రత్యేకింపవలెనని మా సలహా. అయిదుగురికి మూడు దినములకు మూడు కిలోల అటుకులు, కిలో పుట్నాలపప్పు, కిలో బెల్లము, ముప్పది సున్నుండలు, చిన్నసీసాలో ఆవకాయ, ఉప్పు, పంచదార. ఇవి నిప్పు లేకుండ తినదగినవి. మనిషికి దినమునకు మూడు లీటర్ల చొప్పున నలుబదియైదు లీటర్ల త్రాగునీరు మూతగల పాత్రలలో నుండవలెను. అగ్గిపెట్టె, టార్చిలైటు, క్లోరిను బిళ్లలు, బ్యాటరీతో నడచు రేడియో తడి చొరని సంచిలో నుండవలెను. వీటిని ఎత్తైన అరలో, ఒక్కచేత పట్టుకొని పోదగిన మూటలుగా కట్టి యుంచుడు. మన తుపానులు ఎక్కువగా ఏప్రిలు-మే నెలలలోను, అక్టోబరు నుండి డిసెంబరు వరకును వచ్చును. కనుక ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి పాతసరకును తినివేసి కొత్తది నింపినచో ఏదియు వృథా కాదు.

వరద తీసిన తరువాత వచ్చు రెండవ ఆపద విరేచనములు. మురికినీటిని పటికతోగాని, చిల్లగింజ అరగదీసిగాని తేర్చుట మన పాత పద్ధతి. తేరిన నీరు తేటగా కనబడును గాని శుద్ధమైనది కాదు. దానిని తెర్లకాచవలెను, లేక క్లోరిను వేయవలెను. విరేచనములు పట్టిన బిడ్డకు కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలగొట్టిన ఆరు చిన్నచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కరగించి, కొంచెము కొంచెముగా త్రాపుచుండవలెను. కొలత తప్పరాదు, ఉప్పు ఎక్కువైనచో కీడు. ఉప్పు వేసిన పలుచని గంజియు మంచిదే. బిడ్డ సొమ్మసిల్లినను, త్రాగలేకపోయినను, రక్తము పడినను ఆలస్యము చేయక వైద్యుని వద్దకు కొనిపోవలెను.

వారమునకు ఒక గంట

ఇవి యన్నియు చేయుటకు తీరిక ఏదియని అడుగువారికి మా సమాధానమిది. దినదినము కొంత తీరిక వెదకుటకంటె వారమునకు ఒక గంట ఏర్పరచుకొనుట సులువు. ఆదివారము ఉదయమున పప్పులు, మిరపకాయలు ఎండలో పరచు పని పిల్లలకు, డబ్బాలు తుడుచు పని మగవారికి, వేయించు పని పెద్దవారికి పంచుడు. గ్లాసు కందిపప్పు, అరగ్లాసు సెనగపప్పు, పది ఎండుమిరపకాయలు, చెంచాడు జీలకర్ర దోరగా వేయించి, ఉప్పుతో దంచిన కందిపొడి ఆ గంటలోనే అగును. కూర చేయ తీరిక లేని రెండు మూడు పూటలను అది గట్టెక్కించును. మరునాటికి ఏమి నానవేయవలెనో వంటయింటి గోడమీద బొగ్గుతోనో సుద్దతోనో వ్రాసి యుంచినచో, రాత్రి చివర పడుకొనువారెవరైనను ఆ పని చేసి పడుకొనవచ్చును. ఇంటి పొదుపు ఒక్క ఇల్లాలి జ్ఞాపకమునందే దాగియుండరాదు. ఆమెకు జ్వరము వచ్చిన దినమున అది ఆగిపోవును.

ఈ వారము ఒక్క పనితో మొదలుపెట్టుడు. రేపు అన్నము వండునపుడు వార్చక, కొలిచిన నీటితో అత్తెసరు పెట్టి చూడుడు. వార్చుటయే తప్పదన్నచో గంజిని ఒక గిన్నెలోనికి పట్టి, ఎంత వచ్చినదో కొలిచి చూడుడు. ఇన్నాళ్లు తూమున ఎంత పోయినదో ఆ గిన్నెయే చెప్పును.